సొంత బుద్ధి ఉన్న మోడెం

తొగటపల్లె, కడప జిల్లా
20 జూన్ 1999

రామలింగ మామా,

"మహారాజశ్రీ", "పూజ్యులైన" అంటూ జాబు మొదలుపెట్టడం మానేశాను. రాజులు పోయినా మన నాలుక మీద మిగిలిన ముద్రలవి అని మొన్న ఒక కరపత్రంలో చదివాను. అందుకే ఉట్టి మామా. అమ్మ మాత్రం నీకు దండాలు రాయమంది. తమ్ముడికి అక్క దండాలేమిటని అడిగితే, "రాయరా, సామాను కొనిపెట్టేది వాడే గదా" అంది.

సామాను సంగతికి వస్తున్నాను. కడపలో ఒక బ్యాంకు పాత సరుకు వేలం వేస్తే, మా చేనేత సంఘం తరపున ఒక యూనిక్స్ కంప్యూటరు పాడుకున్నాం. యూనిక్స్ అంటే కంప్యూటరును నడిపే పద్ధతి. నికార్సయినది. బ్యాంకు వాళ్లకు అది ముసలిదయింది, మాకు ఇప్పుడే పుట్టింది. దానికి మోడెం కావాలి. కంప్యూటరు మాటను టెలిఫోను కూతగా మార్చి, అవతలి కూతను మళ్లీ మాటగా మార్చే పరికరం అది. దాంతో ఫ్యాక్సు పోతుంది, వస్తుంది. ఇంటర్నెట్టు కూడా.

ఎందుకింత అవసరమో విను. ఊళ్లో ఫ్యాక్సు ఒకే ఒకటి, పెద్ద ఈరన్న టెలిఫోను బూతులో ఉంది. మా వెనక వీధిలో మరమగ్గాల షెడ్డు కూడా అతనిదే. హైదరాబాదు దుకాణానికి మా చీరల రేటు ఫ్యాక్సు చేయాలంటే కాగితం అతని చేతికివ్వాలి. అతను ఇటు పంపుతూ అటు చదువుతాడు. సాయంత్రానికి అతని రేటు రూపాయి తక్కువగా పోతుంది. ఆర్డరు అతనికి, ఆ ఆర్డరులో కూలి మనకు. దీన్ని వ్యాపారం అంటారట!

మొన్న మీటింగులో మా ప్రెసిడెంటు ఓబుళేశు తేల్చేశాడు. "వినాయక చవితి లోపల మన కాగితం మనం పంపుకోలేకపోతే డబ్బా పాతినుముకు, మనం ఈరన్న షెడ్డుకు. అంతే అప్పా." అందరూ నా వైపు చూశారు. వేలానికి లాక్కెళ్లింది నేను కాబట్టి.

అందుకని జాగ్రత్తగా కొను. కంప్యూటరు లోపల బిగించే చవక రకం మోడెం ఒకటి వచ్చింది. దానికి సొంత బుద్ధి లేదు. తన పని సగం కంప్యూటరు నెత్తిన వేసి, విండోస్ చెప్పినట్టు ఆడుతుంది. యూనిక్స్‌కు అది కట్టెముక్క. అది వద్దు. బయట బల్ల మీద కూర్చుని, లైట్లు వెలిగించుకుంటూ, తన పని తానే చేసుకునేది కావాలి. మా ఊరి టెలిఫోను ఎక్స్ఛేంజి పాతది, పాత ఫోను డయలు తిప్పినట్టు టకటకమంటేనే నంబరు పోతుంది. ఆ పద్ధతి కూడా దానికి తెలిసి ఉండాలి.

ఇది పరికరం కొనడం కాదు మామా. పక్షం ఎంచుకోవడం.

రాజీ ఎరుగని,
గోపీ

•

కర్నూలు, వన్ టౌన్
29 జూన్ 1999

చిరంజీవి గోపీకి మామ రామలింగప్ప శతమానం భవతి అని దీవించి రాసేది. నువ్వు మానేస్తే నేను మానాలని ఏ కరపత్రంలోనూ లేదు గదా.

ఈ కంప్యూటర్లు వచ్చి నా టైపు ఇన్‌స్టిట్యూటు ఏమయిందో నీకు తెలుసు. మిషన్లన్నీ గుడ్డలు కప్పుకొని పడుకొనుండాయి. అయినా మా అక్క కొడుకు అడిగినాడని నా శత్రువుకు గొంతు కొనేదానికి నేనే పోయినా.

కంప్యూటర్ల అంగడి జ్ఞానరాజుది. "ఏమప్పా, మా అల్లుడు బుద్ధి ఉండే మోడెం అడుగుతాండాడు, ఉండాదా?" అన్నా. ఆ నా కొడుకు నవ్వి, "బుద్ధి ఉండేవి శానా పిరెం అన్నా. బుద్ధి లేనివే జనం కొంటాండారు" అన్నాడు. రెండూ తీసి చూపించినాడు. బయటిది చూస్తే పచ్చడి జాడీ మాదిరి బల్ల మీద కూర్చుంటుంది. మీ ఊరి దుమ్ములో అది నెల బతుకుతుందా? ఎలకలు, పిల్లోళ్లు, మీ సంఘం మీటింగులు. లోపలిది అయితే పెట్టె మూస్తే ఎవురికీ కనపడదు. గుండెకాయ ఒంటి లోపలే గదప్పా ఉండేది? బయట తగిలించుకుని తిరుగుతామా?

అందుకని లోపలిదే కొన్నా. మిగిలిన దుడ్లు మా అక్కకు పంపినా. నువ్వు ఊరికే పరేషాన్ అవుతాండావు. ఏ మోడెమైనా ఒకటే. ఫోను చేస్తే కూస్తుంది, అంతే.

ఇంకొక మాట. దీంట్లో కాగితం పెట్టే నోరు లేదు. ఫ్యాక్సు పంపాలంటే అక్షరం అక్షరం కంప్యూటరులో టైపు చేసుకోవాలంట. ఆ టైపు నీకు నేర్పింది ఎవురో గుర్తు పెట్టుకో. కడప బస్సు కండక్టరు చేతికి ఇచ్చినా, బస్టాండులో తీసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే మామ

•

తొగటపల్లె
5 జూలై 1999

మామా,

నువ్వు కొన్నది మోడెం కాదు. దళారి.

మీటింగు పెట్టి, అందరి ముందు పెట్టె విప్పి, మోడెం కార్డు బిగించాను. ఓబుళేశు కొబ్బరికాయ కొట్టాడు. నేను వద్దన్నాను, వినలేదు. యూనిక్స్ లేచింది. మోడెం ఎక్కడ అని అడిగితే, అలాంటిది ఈ ఇంట్లో లేదంది. మళ్లీ అడిగాను. మళ్లీ లేదంది. ఆ మాట నాకు అర్థమైంది, సంఘానికి అర్థం కాలేదు.

"లోపల పెట్టినావు గదప్పా, యాడికి పోయిండాది?" అని ఓబుళేశు.

ఉంది గానీ దానికి సొంత బుద్ధి లేదని, దాని బుద్ధి విండోస్ దగ్గర ఉందని వివరించాను. మూల కూర్చుని నూలు కండెలు చుడుతున్న నాగక్క, "అంటే మగ్గం మనింట్లో, నాడె ఈరన్నింట్లోనా?" అంది. అటూ ఇటూ పోగు లాగే నాడె లేకపోతే మగ్గం ఉత్త కట్టె కదా, అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది సాయంత్రం ఈరన్న టెలిఫోను బూతు ముందు నిలబడి అదే మాట మళ్లీ చెప్పుకుని మళ్లీ నవ్వారట.

గుండెకాయ ఒంటి లోపల ఉంటుందని రాశావు. సరే. నా ఒంట్లో ఈరన్న గుండెకాయ కొట్టుకుంటే అది నా బతుకవుతుందా? "ఏదైనా ఒకటే" అనే మాట ఉందే, ప్రపంచంలో దోపిడీ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఇది నేను చదివింది కాదు, నీ జాబు చూశాక నాకే తట్టింది. తరువాతి కరపత్రంలో వేస్తాను. నీ పేరు వేయనులే.

కార్డు అదే కండక్టరుతో తిప్పి పంపుతున్నాను. అమ్మ నీకు పంపిన మామిడికాయ ఊరగాయ కూడా అందులోనే ఉంది. దానికీ ఈ జాబుకూ సంబంధం లేదు.

గోపీ

•

కర్నూలు
18 జూలై 1999

చిరంజీవి గోపీకి,

ఊరగాయ చేరింది. నూనె కారి నీ జాబు సగం ఎర్రగా అయింది. నీకు నచ్చే రంగే.

నన్ను దోపిడీగాణ్ణి చేసినావు. మంచిది. ఇన్‌స్టిట్యూటులో మిగిలిన ఇద్దరు పిలకాయలకు నీ జాబు డిక్టేషన్ ఇచ్చినా, వేగం బాగా వస్తాండాది.

జ్ఞానరాజు కార్డు వాపసు తీసుకోనన్నాడు. "మార్పిడి అయితే చేస్తా" అన్నాడు. ఈడ షేర్ల ఆఫీసు ఒకటి మూతపడితే దాని సామాను అతని దగ్గరికి వచ్చుండాది. దాంట్లో బయట కూర్చునేది ఒకటి దొరికింది. వెనకాల లావు తీగె, ముందర ఎర్ర లైట్ల వరుస. యూనిక్స్‌లోనూ పలుకుతుందని, టకటక పద్ధతీ వచ్చునని, ఫ్యాక్సు కూడా తానే చూసుకుంటుందని జ్ఞానరాజు వాళ్ల నాయన మీద ఒట్టేసి చెప్పినాడు. వాళ్ల నాయన పోయి శానా దినాలయింది, అది వేరే సంగతి. నా ముందరే ఫోను తగిలించి చూపించినాడు. పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. ఆ అరుపే సొంత బుద్ధి అంట.

నువ్వు గెలిచినావని అనుకోవద్దు. మా అక్క మొగం చూసి చేసినా. ఒక్క మాట మాత్రం విను: ఉరిమితే వైరు పీకు. పిడుగుకు నీ సిద్ధాంతం తెలీదు.

ఇట్లు,
దోపిడీ మామ

•

తొగటపల్లె
14 ఆగస్టు 1999

మామా,

పలికింది! "ఎవరు?" అని యూనిక్స్ అడిగితే "సరే" అని జవాబిచ్చింది. అదొక్క మాటే, అయినా సంఘంలో ఇంతవరకు ఎవరూ అంత సూటిగా జవాబివ్వలేదు. కడప నంబరుకు ఫోను కలిపి ఇంటర్నెట్టు కూడా చూశాను. ప్రపంచ కార్మికుల పేజీ ఒకటి సగం వరకు దిగింది. తల దిగింది, మొండెం దిగకముందే లైను తెగింది. నీ మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం ఎందుకు ఉంచుకున్నానో చెబుతాను.

హైదరాబాదు దుకాణంలో కొనుగోళ్లు చూసే పవిత్ర అనే ఆమె, దసరా చీరల అంచు గ్రాఫు, అంటే చూసి నేయడానికి గళ్ల కాగితం మీద గీసిన బొమ్మ, మా నంబరుకే ఫ్యాక్సు చేసింది. చిలకల వరుస. ప్రింటరు మీద తీసి నాగక్కకు ఇచ్చాను. నమూనా నేసి పంపాం. వారం తిరిగేసరికి పవిత్ర ఫోను: "ఏమండీ, చిలకలన్నిటి గొంతులూ కోసి పంపారేమిటి?"

గ్రాఫు తీసి చూస్తే నిజమే. కాగితం పొడుగునా అడ్డగీతలు, ప్రతి చిలక మెడ మీదా ఒకటి. ఫ్యాక్సు వచ్చేటప్పుడు లైనులో ఏదో గోల పడింది. నాగక్కను అడిగితే ఆమెకు కోపం వచ్చింది. "గ్రాఫులో ఏముంటే అది నేసేది మా పని. చిలక్కి గొంతు ఉండాల్నా వద్దా అని నేను అడిగితే రేపు నువ్వే, నీకెందుకే ముసలిదానా అంటావు" అంది. నిజమే, అంటాను.

మళ్లీ పంపమన్నాం. మళ్లీ గీతలు. మూడోసారి పదకొండో తేదీన వచ్చింది. ఆ రోజు అమావాస్య, పైగా గ్రహణం. మన కులంలో అమావాస్యకు మగ్గం ముట్టరు కదా, కంప్యూటరు కూడా మగ్గంతో సమానమేనట, దాని మీద గుడ్డ కప్పి పసుపు కుంకుమ పెట్టారు. నాకు మండింది. మూఢనమ్మకాన్ని బద్దలుకొట్టాలని గుడ్డ తీసి పారేసి, గ్రహణం పట్టిన వేళ బొరుగులు తింటూ మోడెం ముందు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఫ్యాక్సు వచ్చింది. ఒక్క గీత లేదు. చిలకలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

ఇప్పుడు ఊరంతా ఏమంటోందో తెలుసా? మన కులదేవత చౌడమ్మ తల్లి అమావాస్య నాడే ఫ్యాక్సు పంపనిస్తుందట! నేను బద్దలుకొట్టడానికి కూర్చుంటే అది నా చేతుల మీదుగానే రుజువైంది. ఓబుళేశు అంటాడు, "ఇంక మీద అమావాస్యకే కొడదాంలేప్పా, తల్లి ఇష్టం."

దసరా చీరల రేటు ఫ్యాక్సు కొట్టడానికి ఆఖరు తేదీ సెప్టెంబరు నాలుగు. అమావాస్య తొమ్మిదిన. నిన్న పరీక్షగా ఒక కాగితం పంపితే, "అంకెలన్నీ గీతలే, ఏమీ చదవలేకపోతున్నాం" అంది పవిత్ర. నాలుగో తేదీ దాటితే ఆర్డరు ఈరన్నది. ఈసారి ఆర్డరుతో పాటు మగ్గాలు కూడా పోతాయి, ఎందుకంటే ఓబుళేశు మాట మీద నిలబడే మనిషి. నిజం చెప్పు, ఆ జ్ఞానరాజు పాడైన మోడెం అంటగట్టాడా?

గోపీ

•

కర్నూలు
20 ఆగస్టు 1999

చిరంజీవి గోపీకి,

మోడెం పాడైతే అమావాస్య నాడూ పాడే గదప్పా. దానికి పంచాంగం చూడను రాదు.

నా ఇన్‌స్టిట్యూటు పక్కన పిండి మర ఉండేది, గుర్తుందా? అది తిరిగినంతసేపు నా రేడియోలో గుర్రు గుర్రు తప్ప ఏమీ వినపడేది కాదు. మర నడిపేటోడు అన్నానికి పోతే వార్తలు వచ్చేవి. ఇరవై ఏండ్లు మధ్యాన్నం వార్తలు తప్ప ఇంకేమీ వినకుండా బతికినా.

ఇప్పుడు చెప్పు. మీ ఫోను వైరు యాడి నుంచి వస్తాండాది? లైన్‌మన్ దాన్ని ఈరన్న షెడ్డు గోడ మీద, అతని కరెంటు వైరుతో కలిపి కట్టినాడని మా అక్క చెప్పింది. ఈరన్నదీ మన కులమే. అమావాస్యకు అతని మరమగ్గాలూ ఆగుతాయి. దేవతను గానీ జ్ఞానరాజును గానీ అనొద్దు. నీ చిలకల గొంతులు కోస్తాండేది ఈరన్న మోటార్లు.

లైన్‌మన్‌కు చెప్పి వైరు మార్పించు. అతను రాకపోతే షెడ్డు ఆపించు. ఎట్ల ఆపిస్తావో నన్ను అడగొద్దు. మరమగ్గాలు ఆపండని కరపత్రాలు వేసేది నువ్వు గదా, నేను కాదు.

మామ

•

తొగటపల్లె
6 సెప్టెంబరు 1999

మామా,

పోయింది! రేటు పోయింది, ఒక్క గీత లేకుండా!

లైన్‌మన్ పత్తికొండలో బంధువుల పెళ్లికి పోయి రాలేదు. ఇక మిగిలింది షెడ్డు. అది రాత్రీ పగలూ వంతుల మీద తిరుగుతుంది, అన్నం వేళకు కూడా అన్నీ ఒకేసారి ఆగవు. "మరమగ్గం ఆపు" అని మూడేళ్లుగా కరపత్రాలు పంచుతున్నాను. ఆ కాగితాల్లో ఈరన్న కూలీలు బొరుగులు పొట్లం కట్టుకుంటారు తప్ప ఒక్క మగ్గం ఒక్క నిమిషం ఆగలేదు. అయినా మూడో తేదీన షెడ్డు వాకిట నిలబడి మాట్లాడాను. శ్రమ గురించి, చరిత్ర గురించి. మోటార్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. లోపలి నుంచి ఒకడు బయటికి వచ్చి, "ఏమప్పా, ఏమన్నా కావాల్నా?" అని అడిగి లోపలికి పోయాడు.

నాలుగో తేదీ పొద్దున నాగక్క, మా అమ్మ కలిసి పెద్ద గంగాళంలో బొరుగుల ఉగ్గాని, గంపెడు బజ్జీలు చేశారు. "నువ్వు పోయి నీ డబ్బా ముందర కూర్చో" అని నన్ను తరిమారు. గంగాళం షెడ్డు వాకిట దించి నాగక్క ఒక్క కేక వేసిందట: "రేయ్ నాయనా, బజ్జీ వేడిగా ఉండాది. చల్లారితే నన్ను అనొద్దండి."

మామా, మరమగ్గాలు ఆగాయి. అన్నీ. మూడేళ్ల కరపత్రాలు చేయలేని పని మిరపకాయ బజ్జీ చేసింది. అమావాస్య కాని రోజున ఊరు ఒక్కసారిగా అంత నిశ్శబ్దమవడం నేను ఎన్నడూ వినలేదు. మోడెం అరిచింది, అవతలిది అరిచింది, రెండూ రాజీపడ్డాయి, కాగితం పోయింది. పవిత్ర ఫోను చేసి "అందింది, అంకెలు శుభ్రంగా ఉన్నాయి" అనేసరికి ఈరన్న షెడ్డు దగ్గరికి వచ్చాడట. వచ్చి, తానూ రెండు బజ్జీలు తిని పోయాడట.

ఆర్డరు మనదే! మొదటిసారి మన రేటు ఈరన్న చదవని రేటు. ఓబుళేశు మీటింగులో నన్ను లేచి నిలబడమన్నాడు. డబ్బా పాతినుముకు పోదు, మనుషులు షెడ్డుకు పోరు. ఉగ్గానిని ఉద్యమంగా ఎలా రాయాలో ఆలోచిస్తున్నాను.

ఇంకొక వార్త. నిన్న ఉరిమింది. నీ మాట గుర్తొచ్చి వైరు పీకాను. ఈరన్న పీకలేదు. అతని ఫ్యాక్సు మిషను కాలి బొగ్గయింది. ఇవాళ మా వాకిట్లోకి వచ్చాడు. "ఏమప్పా గోపీ, నీ డబ్బా పనిచేస్తాండాదంట గదా. మిషను కొనేవరకు నా కాగితాలు కూడా కొట్టిస్తావా?" అని. ఓబుళేశు వద్దన్నాడు. నేనే ఒప్పుకున్నాను. మన ఫ్యాక్సు ప్రజలందరిదీ. గెలిచినవాడు తలుపు తెరిచి పెట్టాలి.

విజయంతో,
గోపీ

•

కర్నూలు
13 సెప్టెంబరు 1999

చిరంజీవి గోపీకి,

చవితి పండగ. ఈడ అందరం క్షేమం. నీ జాబు మీ అత్తకు చదివి వినిపించినా. బజ్జీలు వచ్చినకాడ రెండోసారి చదవమంది. ఆర్డరు వచ్చినందుకు మాకు శానా సంతోషం. మా అక్క కడుపు చల్లగా ఉండాల.

ఒక్క అనుమానం మాత్రం ఉండాది. ఆ మోడెంలో కాగితం పెట్టే నోరు లేదని నీకు జూన్‌లోనే రాసినా. మరి ఈరన్న కాగితం నువ్వు ఎట్ల పంపుతాండావు?

మామ

•

తొగటపల్లె
2 అక్టోబరు 1999

మామా,

ఎట్లా అంటే టైపు చేసి. వేరే దారి లేదు. చదవకుండా టైపు చేయడం ఎలాగో నీ ఇన్‌స్టిట్యూటులో నేర్పలేదు.

లైన్‌మన్ వచ్చి వైరు మార్చాక గీతల బెడద పోయింది. ఈరన్న దీపావళి చీరల రేటు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "సదవకుండా కొట్టప్పా" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను ఎంత నిజాయితీగా కొట్టానంటే, ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూసుకున్నాను. అందువల్లే అవి గుర్తుండిపోయాయి. గుర్తుండటం నేరమా?

ఆ సాయంత్రమే మన సంఘం రేటు కూడా పోవాలి. మీటింగులో ఎంత వేద్దామని అడిగారు. నేనేమీ చెప్పలేదు. ఓబుళేశు ఒక అంకె అన్నాడు, నేను దగ్గాను. ఇంకొక అంకె అన్నాడు, మళ్లీ దగ్గాను. మూడో అంకెకు నాకు దగ్గు తగ్గింది. అది ఈరన్న రేటు కంటే రూపాయి తక్కువ. ఆర్డరు మనకే వచ్చింది.

నువ్వు ఏదో అనుకుంటావని ముందే రాస్తున్నాను. ఈరన్న చదివింది లాభం కోసం. మనం చదివింది సంఘం కోసం. ఆ రెంటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. సమాచారం ప్రజల ఆస్తి అని ఒక కరపత్రంలో స్పష్టంగా ఉంది. దొరికితే పంపుతాను. ఈరన్న కొత్త మిషను కొంటానంటే, "ఎందుకన్నా దండగ ఖర్చు, మేం లేమా?" అని ఓబుళేశు అతనికి నచ్చజెప్పాడు. అందులో తప్పేముందో నాకు అర్థం కావడం లేదు. నీకు అర్థమైతే రాయి.

నాగక్క మాత్రం ఈ మధ్య నాతో సరిగా మాట్లాడటం లేదు. మొన్న నేను టైపు చేస్తుంటే వెనక నిలబడి, "ఎవురి కాగితమప్పా?" అంది. ఈరన్నదన్నాను. "ఓ" అని పోయింది. ఆ "ఓ" ఏమిటో కూడా వీలైతే రాయి.

గోపీ

•

కర్నూలు
9 అక్టోబరు 1999
(పోస్టు కార్డు)

చిరంజీవి గోపీకి దీవెనలు. జాబు చేరింది. ఆ "ఓ" ఏమిటో నాకు తెలుసు గానీ కార్డులో చోటు చాలదు. జూన్‌లో నేను ఒక మాట రాసినందుకు నన్ను దోపిడీగాణ్ణి చేసినావు. ఆ మాటే మళ్లీ రాస్తాండా. ఏ మోడెమైనా ఒకటే.

ఉరిమితే వైరు పీకు.

మామ